అధివాస్తవిక చిత్రమంటే కలను గీసిన బొమ్మేనా?

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ గీసిన కరిగిపోతున్న గడియారాల బొమ్మ కలను గుర్తుపెట్టుకుని గీసినదా, లేక మత్తులోనో మతి చలించిన స్థితిలోనో గీసినదా అన్నది మొదటిది. వింతగా కనిపించే ప్రతి చిత్రాన్నీ సర్రియలిజం, అంటే అధివాస్తవికత, అనవచ్చునా అన్నది రెండవది. డాలీ కాక ఈ ఉద్యమంలో తప్పక చూడవలసిన చిత్రకారులు ఎవరన్నది మూడవది. ఇరవై రెండేళ్లుగా చిత్రకళా చరిత్ర బోధిస్తున్న నాకు ఈ మూడూ ఏటా తరగతిలో ఎదురయ్యే ప్రశ్నలే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. అధివాస్తవికత అన్నది మొదటినుంచీ ఒక పద్ధతి. ప్రతిదాన్నీ తూచి, సరిచూసి, అదుపు చేసే మనసును కాసేపు పక్కకు తప్పించి, దాని చాటున ఉన్న మనసు చేత బొమ్మ పుట్టించడం ఆ పద్ధతి. కనుక ఈ చిత్రాల ముందు నిలబడినప్పుడు బొమ్మ ఎంత వింతగా ఉందన్న ప్రశ్న కంటే అది ఎలా పుట్టిందన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది.

దీని మూలం చిత్రశాలలో లేదు, యుద్ధకాలపు ఆసుపత్రిలో ఉంది. తరువాత ఈ ఉద్యమాన్ని నడిపిన ఆంద్రే బ్రెటన్ అప్పుడు వైద్య విద్యార్థి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయనను ఫ్రెంచి సైన్యం 1916లో సెయింట్ దీజియే పట్టణంలోని మానసిక చికిత్సా కేంద్రానికి పంపింది. యుద్ధభూమిలో మతి తప్పిన సైనికులను అక్కడికి చేర్చేవారు. వారిలో ఒకడు, ఈ యుద్ధమంతా తన కోసం ఆడుతున్న నాటకమనీ, తుపాకి గుండ్లు ఉత్తుత్తివనీ, గాయాలు రంగులు పూసిన వేషాలేననీ నమ్మేవాడు. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ పద్ధతి ప్రకారం రోగుల కలలనూ, పొంతన లేని మాటలనూ రాసుకుంటూ వచ్చిన బ్రెటన్‌కు, ఆ మాటల్లోని దృశ్యాలు తానూ తన స్నేహితులూ కష్టపడి కూర్చుతున్న కవిత్వం కంటే బలంగా కనిపించాయి. తెలివినీ తర్కాన్నీ తలకెత్తుకున్న యూరప్ లక్షలాది మందిని కందకాల్లో చంపుకున్న రోజులవి. ఆ తర్కం మీద నమ్మకం పోయినవారే 1916లో జ్యూరిక్‌లో డాడా అనే కళా ఉద్యమం మొదలుపెట్టారు. డాడా ఉన్నదాన్ని పగలగొట్టింది. పగిలినచోట ఏముందో వెదకాలన్నది బ్రెటన్ పట్టుదల.

1919లో ఆయన కవి ఫిలిప్ సూపోతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఏం రాయాలో ముందుగా అనుకోకుండా, రాసినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోకుండా, ఆలోచన అడ్డుపడే వ్యవధి లేనంత వేగంగా ఇద్దరూ రోజుల తరబడి రాసుకుంటూ పోయారు. దీనికే స్వయంచాలిత రచన అన్న పేరు స్థిరపడింది. 1924 అక్టోబరులో వెలువడిన ఉద్యమ ప్రణాళికలో బ్రెటన్ ఈ అన్వేషణకు నేపథ్యం చెబుతూ, ఒక రాత్రి నిద్రలోకి జారుకుంటున్న వేళ, కిటికీ చేత రెండుగా కోయబడిన మనిషి ఒకడున్నాడన్న అర్థం వచ్చే వాక్యం, ఎవరో అద్దం మీద తట్టినట్టు తనకు వినిపించిందని రాశాడు. అది పూర్తి నిద్రా కాదు, పూర్తి మెలకువా కాదు. ఉద్యమం వెదికిన చోటు సరిగ్గా అదే. కలకూ మెలకువకూ మధ్య ఉన్న గోడ పడిపోయి రెండూ ఒకటైన స్థితిని ఆయన అధివాస్తవం అన్నాడు. సర్రియలిస్టు అన్న మాటను మాత్రం కవి అపోలినేర్ అంతకుముందే, 1917లో, పుట్టించాడు.

మన తెలుగువారిలో చాలామందికి ఈ మాట శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల ద్వారా, అంటే కవిత్వం గుండా పరిచయమైంది. పారిస్‌లోనూ ముందు వచ్చినవారు కవులే. ఉద్యమ పత్రిక మొదలైన కొద్ది నెలలకే, 1925లో, దాని సంపాదకుల్లో ఒకడైన పియేర్ నావిల్ అధివాస్తవిక చిత్రకళ అన్నది అసలు లేదని రాశాడు. ఆయన అభ్యంతరంలో పస ఉంది. కలం ఆలోచనను దాటి పరుగెత్తగలదు కాని, రంగు కలిపి, ఆరబెట్టి, పూత మీద పూత వేసే తైలవర్ణ చిత్రకారుడు రోజుల తరబడి ఆలోచించకుండా ఎలా ఉంటాడు? బ్రెటన్ దీనికి వాదనతో జవాబు రాశాడు. చిత్రకారులు తమ చేతులతో చెప్పిన జవాబు ఇంకా గొప్పది, అది రెండు దారుల్లో వచ్చింది.

ఆ దారులకు ముందు ఇటలీ చిత్రకారుడు జోర్జో ద కిరికోను ఒకసారి తలచుకోవాలి. ఆయన 1914లో గీసిన ప్రేమగీతం అనే చిత్రంలో పాత గ్రీకు దేవుడు అపోలో తల విగ్రహం ఒకటి గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని పక్కన మేకుకు కొట్టిన రబ్బరు చేతితొడుగు, కింద ఒక ఆకుపచ్చ బంతి, వెనుక రైలింజను పొగ. వింత ప్రాణి ఏదీ అందులో లేదు. అన్నీ బజారులో దొరికే వస్తువులే, కాని ఒకదాని పక్కన ఒకటి ఉండవలసినవి కావు. దీని అచ్చు ప్రతిని చూసి బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఈవ్ తాంగీ బస్సులో పోతూ ఒక దుకాణపు అద్దంలో కిరికో చిత్రం చూసి దిగిపోయాడనీ, చిత్రకళ నేర్వని ఆ యువకుడు ఆ తరువాతే కుంచె పట్టాడనీ చెబుతారు.

మొదటి దారి చేతిని వదిలిపెట్టే దారి, అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది జర్మనీ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ కథ. 1925 ఆగస్టులో ఫ్రాన్సు సముద్రతీరంలోని పోర్నిక్ అనే ఊళ్లో, వాన పడుతున్న ఒక రోజున, ఆయన సత్రం గదిలో కూర్చుని చెక్క నేల వైపు చూస్తున్నాడు. ఎన్నో ఏళ్లపాటు తోమి తోమి కడగడం వల్ల ఆ పలకల మీద చెక్క చారలు లోతుగా తేలి ఉన్నాయి. చిన్నతనంలో జ్వరంతో పడుకున్నప్పుడు మంచం ఎదుట ఉన్న చెక్క పలకలో తనకు కళ్లూ ముక్కులూ పక్షులూ కనిపించిన సంగతి గుర్తుకు వచ్చి, కాగితాలను ఎక్కడ పడితే అక్కడ నేల మీద పడేసి, వాటిపైన పెన్సిలు సీసంతో రుద్దసాగాడు. చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి, పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్ది, బిళ్ళ మీది సింహాలు కాగితం మీదికి రావడం చూసి మనమందరం మురిసిపోయినవాళ్లమే. ఎర్న్‌స్ట్ చేసింది ఆ పనే. తేడా ఎక్కడంటే, మనం బిళ్ళను రాబట్టాలని రుద్దేవాళ్లం, ఆయన ఏది రాబోతున్నదో తెలియకుండా రుద్దాడు. చెక్క చారలు అడవులయ్యాయి, గోనెగుడ్డ నేత సముద్రమైంది, ఆకుల ఈనెలు చెట్లయ్యాయి. దీనికి ఫ్రొటాజ్ అని పేరు పెట్టి, ఆ వరుసలో 34 పలకలను 1926లో ప్రకృతి చరిత్ర అన్న సంపుటంగా ప్రచురించాడు. తరువాత ఇదే ఉపాయాన్ని తైలవర్ణానికి మార్చి, రంగు పూసిన కాన్వాసును గరుకు వస్తువుల మీద పరిచి, పైనుంచి రంగును గీకి తీశాడు. చిత్రకారుడు తన బొమ్మ పుట్టుకను ప్రేక్షకుడిలా పక్కన నిలబడి చూడాలన్నది ఆయన కోరిక. నావిల్ అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో తీవ్రంగా గాయపడి బతికిన ఫ్రెంచి చిత్రకారుడు ఆంద్రే మాసన్, కాగితం మీద సిరా కలాన్ని ఎత్తకుండా తిప్పుతూ, ఆ గీతల చిక్కులోంచి చేతులూ చేపలూ రొమ్ములూ దానంతట అవే తేలే వరకు గీసేవాడు. కాన్వాసు మీద ఆ వేగం కుదరదని తోచి, 1926లో జిగురు ఒలకబోసి, దానిమీద ఇసుక చల్లి, కాన్వాసును వంచి దులిపి, మిగిలిన ఇసుక మరకల చుట్టూ గీతలు గీశాడు. స్పెయిన్ చిత్రకారుడు జోన్ మిరో 1925లో గీసిన ప్రపంచ జననం దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తున్న కాన్వాసు. ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా పీల్చుకునేలా నేల పూత వేసి, దానిమీద పలుచని రంగును పోసి, చిలకరించి, గుడ్డతో తుడిచాడు. అయితే మొదటి దశ స్వేచ్ఛగా సాగుతుందనీ, రెండవ దశలో ప్రతిదీ జాగ్రత్తగా లెక్క చూసి చేస్తాననీ మిరో స్వయంగా చెప్పాడు. ఈ చిత్రాలను పిల్లల పిచ్చిగీతలని కొట్టిపారేసేవారు ఆ రెండవ దశను చూడలేదు. మనసును తప్పించడానికి కూడా చేతికి సాధన కావాలి.

రెండవ దారి దీనికి సరిగ్గా ఎదురు. చేతికి పూర్తి క్రమశిక్షణ, దృశ్యానికి పూర్తి స్వేచ్ఛ. ఇక్కడ మాగ్రిట్ దగ్గర ఆగవలసిందే. కొంతకాలం గోడ కాగితాలకు నమూనాలు గీసి బతికిన మాగ్రిట్, సూటు వేసుకుని, ఇంటి భోజనాల గదిలో ఈజిల్ పెట్టుకుని గీసేవాడు. పొగాకు పైపును దుకాణం బోర్డు మీద గీసినంత శుభ్రంగా గీసి, కింద బడి పిల్లల గుండ్రటి చేతిరాతతో ఇది పైపు కాదు అని రాసిన 1929 నాటి చిత్రం అందరికీ తెలిసినదే. అందులో తిరకాసు ఏమీ లేదు, అది నిజంగానే పైపు కాదు, పైపు బొమ్మ. దాంట్లో పొగాకు కూరలేం. వస్తువుకూ, దాని బొమ్మకూ, దాని పేరుకూ మధ్య మనం రోజూ గమనించకుండా దాటిపోయే సందును ఆయన వేలు పెట్టి చూపించాడు.

నేను విద్యార్థులకు ముఖ్యంగా చెప్పేది మాగ్రిట్ చేసిన మరొక మార్పు గురించి. అధివాస్తవికులు తమకు ముందటి కవి లోత్రెయామోఁ రాసిన ఒక ఉపమానాన్ని మంత్రంలా పట్టుకున్నారు. శవాన్ని కోసే బల్ల మీద కుట్టుమిషనూ గొడుగూ అనుకోకుండా కలుసుకోవడంలోని అందం అని ఆ ఉపమానం. అంటే ఏ సంబంధమూ లేని రెండు వస్తువులను పక్కపక్కన పెడితే నిప్పురవ్వ పుడుతుందన్నమాట. మాగ్రిట్ ఒక రాత్రి మెలకువ వచ్చి పంజరం వైపు చూసినప్పుడు, అందులో నిద్రపోతున్న పిట్టకు బదులు పొరపాటున గుడ్డు కనిపించిందని చెప్పుకున్నాడు. పంజరానికీ గుడ్డుకూ సంబంధం లేకపోలేదు, పిట్ట ద్వారా ఉంది, కాని మనకు ఎన్నడూ తట్టలేదు. సంబంధం లేనివాటిని కలపడం కంటే, ఉన్నా దాగిన సంబంధాన్ని బయటపెట్టడం ఎక్కువ కుదుపునిస్తుందని అప్పుడు ఆయనకు అర్థమైంది. పంజరాన్ని నింపేసిన ఆ పెద్ద గుడ్డును 1933లో గీశాడు. 1938లో గీసిన మరొక చిత్రంలో గదిలోని చలిమంట గూటి నుంచి రైలింజను గాలిలో తేలుతూ బయటికి వస్తుంది. చూడగానే పొంతన లేనట్టుంటుంది. అక్కడ మామూలుగా ఉండవలసింది పొయ్యి గొట్టం. గొట్టమూ బొగ్గూ పొగా ఇంజనుకూ ఉన్నాయి, అందుకే ఇంజను పొగ కూడా ఏమీ ఎరగనట్టు ఆ గూటిలోకే పోతుంది. ఇది కల కాదు, కల వంటి ఖచ్చితత్వంతో చేసిన ఆలోచన. తన పద్నాలుగవ ఏట తల్లి నదిలో పడి చనిపోయిన సంగతితో తన చిత్రాలను విడమరిచేవారిని మాగ్రిట్ ఇష్టపడలేదు. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. బొమ్మను రోగ నిర్ధారణ పత్రంలా చదివితే బొమ్మ మిగలదు.

ఇక మీ మొదటి ప్రశ్న. 1931లో సాల్వడార్ డాలీ గీసిన జ్ఞాపకాల నిలకడ అనే చిత్రం న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. దానికోసం వెళ్లేవారు ముందుగా ఆశ్చర్యపోయేది దాని పరిమాణానికి. 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు, అంటే మనం ప్రింటరులో పెట్టే ఎ4 కాగితం కంటే కొంచెం పెద్దది. అందువల్ల దగ్గరికి వెళ్లక తప్పదు. దగ్గరికి వెళితే ఒక మెత్తటి గడియారం మీద ఈగ, దాని నీడ కనిపిస్తాయి. ఎడమ చివర బోర్లా పెట్టిన నారింజ రంగు గడియారం ఒక్కటే గట్టిగా ఉంది, దానిమీద చీమలు ముసిరాయి. నడుమ నేల మీద పడి ఉన్న, పొడవాటి కనురెప్పల తెల్లని ఆకారం డాలీ సొంత ముఖం పోలిక. వెనుక ఉన్న పసుపుపచ్చని కొండ అంచులు ఊహ కావు, ఆయన పెరిగిన కాటలోనియా తీరపు రాళ్లు. డాలీ చెప్పుకున్న ప్రకారం, తీరదృశ్యం గీసి అందులో ఏముండాలో తోచక ఆగిపోయాడు. ఒక రాత్రి భోజనం చివర కామంబేర్ జున్ను తిని, తరువాత తన భార్య అయిన గాలా స్నేహితులతో సినిమాకు వెళ్లగా, తలనొప్పితో తానొక్కడే బల్ల దగ్గర కూర్చుని, జున్ను మెత్తదనం గురించి ఆలోచించాడు. పడుకోబోయే ముందు దీపం వేసి చిత్రాన్ని చూసేసరికి మెత్తటి గడియారాలు కనిపించాయి. గాలా తిరిగి వచ్చేలోగా గీయడం అయిపోయింది.

కాబట్టి ఆయన నిద్రలోనూ లేడు, మత్తులోనూ లేడు. డాలీ అనుసరించిన పద్ధతికి ఆయన పెట్టిన పేరును తెలుగులో అనుమానోన్మాద విమర్శ పద్ధతి అనవచ్చు. అనుమాన రోగికి ప్రతి వస్తువులోనూ తన భయానికి రుజువు కనిపిస్తుంది. ఆ చూపును తెలిసి తెచ్చుకుని, వానకు చెమ్మెక్కిన సున్నపు గోడ మీది మరకల్లో మనం మొహాలు వెదుకుతామే, అలా ఒక ఆకారంలో మరొకటి కనిపించేదాకా చూసి, చూసినదాన్ని సూక్ష్మ చిత్రకారుడి నైపుణ్యంతో గీయడమే ఆ పద్ధతి. 1937లో కొలనులోని హంసల ప్రతిబింబాలు ఏనుగులయ్యేలా గీసిన చిత్రం దానికి చక్కని ఉదాహరణ. డాలీ ఉద్యమంలోకి 1929లో వచ్చాడు. హిట్లరును గురించి ఆయన చూపిన మోజు కారణంగా 1934లో బ్రెటన్ ఇంట్లోనే ఆయన మీద విచారణ జరిగింది, కొన్నేళ్లకు బంధం పూర్తిగా తెగింది. ఆ మొదటి పదేళ్లలో గీసిన చిన్న చిత్రాలు నిజంగా గొప్పవని నా అభిప్రాయం. ఆ తరువాత ఆయన తన మీసాలకే ఎక్కువ సమయం ఇచ్చాడు, ఉద్యమమంటే డాలీ ఒక్కడే అన్న అపోహ అప్పటినుంచే పెరిగింది.

డాలీ కాక ఎవరన్నదానికి ఇప్పటికే కొన్ని పేర్లు వచ్చాయి. కళాకారిణి మెరెట్ ఓపెన్‌హైమ్ 1936లో, ఇరవై రెండేళ్ల వయసులో, పారిస్ కాఫీ దుకాణంలో కూర్చుని ఉండగా, ఆమె చేతికున్న బొచ్చు కడియాన్ని చూసి పికాసో దేనికైనా బొచ్చు తొడగవచ్చునన్నాడట. ఈ కప్పుకూ సాసరుకూ కూడానా అని ఆమె అన్నదట. తరువాత ఒక కప్పు, సాసరు, చెంచా కొని వాటికి జింక బొచ్చు అతికించింది. ఆ కప్పును చూసినప్పుడు కంటికంటే ముందు పెదవి ముడుచుకుంటుంది, నాలుక మీద తడిసిన బొచ్చు తగిలినట్టవుతుంది. ఆలోచనకు ఆ తరువాతగాని సందు దొరకదు.

చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్ స్వీయచిత్రాన్ని కూడా తప్పక చూడండి. 1937–38 ప్రాంతంలో, ఇరవయ్యేళ్ల వయసులో గీసిన ఈ చిత్రంలో ఆమె రేగిన జుట్టుతో, గుర్రపు స్వారీ దుస్తుల్లో కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఎదుట ఒక దుమ్ములగొండి ఆమెకు సమానంగా నిలబడి ఉంటుంది. వెనుక గోడకు పిల్లలు ఊగే చెక్క గుర్రం వేలాడుతుంటే, కిటికీ బయట నిజమైన తెల్ల గుర్రం పరుగెడుతుంటుంది. ఇంగ్లండులోని సంపన్న కుటుంబపు కట్టుబాట్లను వదిలి వచ్చిన అమ్మాయి ఏ గుర్రాన్ని ఎంచుకున్నదో చెప్పనక్కర లేదు. బ్రెటన్ బృందంలోని పురుషులు స్త్రీని స్ఫూర్తిదాతగా, చూడదగిన అద్భుతంగా నిలబెట్టారే తప్ప, చూసే మనిషిగా చాలాకాలం గుర్తించలేదు. ఇది ఉద్యమంలోని పెద్ద లోపం, దాన్ని దాచనక్కర లేదు. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యాక స్పెయిన్‌లోని పిచ్చాసుపత్రిలో నరకం చూసి, మెక్సికో చేరిన కారింగ్టన్, అక్కడ మరో చిత్రకారిణి రెమేదియోస్ వారోతో స్నేహం చేసుకుని 2011 వరకు జీవించి గీసింది. అదే మెక్సికోలో చిత్రకారిణి ఫ్రీదా కాలోను 1938లో చూసిన బ్రెటన్ ఆమెను అధివాస్తవికురాలన్నాడు. తాను కలలను గీయలేదనీ, గీసినదంతా తన వాస్తవమేననీ చెప్పి ఆమె ఆ పేరును ఒప్పుకోలేదు. ఆమె మాటనే తుది మాటగా తీసుకోవాలి.

అదే మీ రెండవ ప్రశ్నకు కూడా దారి చూపిస్తుంది. మన నవనారీ కుంజరం ఉంది, తొమ్మిదిమంది స్త్రీల దేహాలు అల్లుకుని ఏనుగు ఆకారమయ్యే శిల్పం. డాలీ హంసల పక్కన పెడితే ఒక జాతివే అనిపిస్తాయి. కాని ఆ శిల్పి సంప్రదాయం ఇచ్చిన లెక్క ప్రకారం, తన కౌశలం మీద పూర్తి అదుపుతో చెక్కాడు. అతడికి తన లోపలి మనసును తవ్వే ఉద్దేశం లేదు, తర్కం మీద కోపమూ లేదు. అందువల్ల దాన్ని సర్రియలిజం అనడం పొగడ్త కాదు, దాని సొంత పేరు తీసివేయడం. రెక్కల చేపనూ తేలే ఇంటినీ ఒక చోట అతికించిన నేటి ప్రకటన బొమ్మలకూ ఆ పేరు చెల్లదు. ఏం అమ్మాలో ముందే తెలిసినవాడు గీసిన బొమ్మలో గీసినవాడికే తెలియనిది ఏముంటుంది?

ఉద్యమం పారిస్‌లోనే ఉండిపోలేదు. జర్మనీ సైన్యం ఫ్రాన్సును ఆక్రమించాక, 1941 మార్చిలో మార్సెయ్ రేవు నుంచి బయలుదేరిన ఓడలో బ్రెటన్‌తో పాటు క్యూబా చిత్రకారుడు విఫ్రెదో లామ్ ఉన్నాడు. చైనా తండ్రికీ ఆఫ్రికా మూలాలున్న తల్లికీ పుట్టిన లామ్, సొంత దేశం చేరాక గీసిన అడవి అనే చిత్రంలో, చెరకు గడల మధ్య సగం మనిషి, సగం మొక్క అయిన దేహాలు ముసుగు మొహాలతో నిలబడి మనవైపే చూస్తాయి. చెరకు తోటల్లో బానిసలుగా బతికిన పూర్వీకులు అలా తిరిగి వచ్చారు. న్యూయార్క్ చేరిన మాసన్, ఎర్న్‌స్ట్ వంటివారి స్వయంచాలిత పద్ధతి అక్కడి యువకులకు అందింది. నేల మీద పరిచిన కాన్వాసు మీద రంగును ధారగా పోసిన అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ పనిలో ఆ జాడ స్పష్టంగా ఉంది.

మీరు పుస్తకాలతో మొదలుపెట్టకండి. ముందు ఎర్న్‌స్ట్ ప్రకృతి చరిత్ర పలకలు, తరువాత మాగ్రిట్ గుడ్డు, ఆపైన కారింగ్టన్ స్వీయచిత్రం, చివరగా డాలీ గడియారాలు ఈ వరుసలో చూడండి. ఆయా మ్యూజియంల వెబ్‌సైట్లలో పెద్దవి చేసి చూడదగిన ఫొటోలు దొరుకుతాయి. వాటికంటే ముందు ఒక సాయంత్రం పలుచని తెల్ల కాగితాలు పది, మెత్తటి 6బి పెన్సిలు ఒకటి తీసుకుని, ఈతాకు చాప మీద, తలుపు చెక్క మీద, రావి ఆకు వెనుక వైపున, ఏం రావాలో అనుకోకుండా రుద్దండి. ఆకును నున్నటి పైవైపు రుద్దితే ఈనెలు తేలవు. మొదటి రెండు మూడు కాగితాల్లో చాప చాపలాగే, ఆకు ఆకులాగే వస్తుంది, అక్కడ ఆపేయకండి. నా విద్యార్థులకు సాధారణంగా ఐదో ఆరో కాగితం దగ్గర కొత్తది కనిపించడం మొదలవుతుంది.